సంగటికుండ దిగని పొయ్యి

1957 జూన్ 17, సోమవారం నాడు నేను గ్రామసేవికగా ఉద్యోగంలో చేరాను. ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఉన్న ఒక అభివృద్ధి బ్లాకులో, పెన్న ఒడ్డున ఉన్న నల్లరేగడి ఊళ్ళు ఐదు నాకు అప్పగించారు. బ్లాకు పేరు రాయను, ఆ ఐదింట్లో ఈ కథ జరిగిన ఊరి పేరూ రాయను. నన్ను తలచుకుని నవ్వుకోవడానికి ఆ ఊరివాళ్ళకు ఇప్పటికే కావలసినంత ఉంది.

ఆ రోజుల్లో బ్లాకుకు పెద్ద బి.డి.ఓ. గారు. ఆయన కింద వ్యవసాయానికీ, పశువులకూ, సహకారానికీ తలా ఒక విస్తరణాధికారి. వాళ్ళ కింద గ్రామసేవకులు. అందరికంటే కింద గ్రామసేవికలం, బ్లాకంతటికీ ఇద్దరం. మా కింద ఊరివాళ్ళే ఉన్నారని కార్యాలయం నమ్మకం. మేమే తమ కింద ఉన్నామని ఊరివాళ్ళ నమ్మకం. కుట్టుపని నేర్పడం, పెరట్లో కూరగాయలు వేయించడం, పొగలేని పొయ్యిలు కట్టించడం నా పని. మొదటి ఏడాది ప్రొబేషన్. అది పూర్తయ్యాక బి.డి.ఓ. గారు బాగుందని రాస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఇంటికి పంపిస్తారు.

ఇంటికి పంపిస్తే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. అప్పటికి నాకు ఇరవై ఒక్కటి. మా నాన్నగారు ప్రొద్దుటూరులో గుమాస్తా. ఆయన జమ్మలమడుగులో నాకొక సంబంధం చూసిపెట్టారు. వరుడికి ముప్ఫై ఎనిమిది, భార్య పోయింది, నలుగురు పిల్లలు. ప్రొబేషన్ గట్టెక్కితే నా ఇష్టం, గట్టెక్కకపోతే నాన్నగారి మాట అని మా ఇద్దరికీ ఒప్పందం. ఒక పొయ్యి ముందు జీవితాంతం కూర్చోకుండా ఉండాలంటే, ఊళ్ళో పన్నెండు పొయ్యిలు సరిగ్గా కట్టించాలన్నమాట.

పొగలేని పొయ్యికి పైనుంచి అచ్చయిన నక్షా వచ్చేది. ఎత్తు పధ్నాలుగు అంగుళాలు. పైన రెండు గుంటలు, కుండ మెడదాకా అందులో దిగాలి. కట్టెలు పెట్టే నోరు ఆరంగుళాలు. వెనక గొట్టం మట్టి మిద్దె కప్పును చీల్చుకుని పైకి పోవాలి. 1957 డిసెంబరు 2 నుంచి 1958 జనవరి 11 దాకా, నలభై ఒక్క రోజుల్లో, ఆ ఊళ్ళో పన్నెండు పొయ్యిలు కట్టాను. అడుసు నేనే తొక్కాను. స్కేలు పెట్టి నేనే కొలిచాను. ఎక్కడా అర అంగుళం తేడా లేదు.

మొదటిది కరణంగారింట్లో కట్టి చూశాను. వాళ్ళు మాలాగే రెండు పూటలా అన్నం తినేవాళ్ళు. ఇత్తడి గిన్నె గుంటలో చక్కగా కూర్చుంది, అన్నం ఉడికింది, పొగ గొట్టంలోంచి పోయింది. ఇక పరీక్ష అక్కర్లేదనుకుని మిగతా పదకొండూ వరసగా కట్టేశాను.

నెలవారీ ప్రగతి పత్రంలో ‘నిర్మించిన పొయ్యిలు’ అని ఒక గడి ఉండేది. పన్నెండు అని వేశాను. వాటిమీద వంట జరుగుతోందా అని అడిగే గడి లేదు, నేనూ చెప్పలేదు. బి.డి.ఓ. గారు కడపకు పంపిన నివేదికలో మాత్రం ‘పన్నెండు కుటుంబాలు పొగ బాధ లేకుండా వంట చేసుకుంటున్నవి’ అని రాశారు. ఆయన కోస్తావారు. వాక్యం నిండుగా ఉండాలనుకునే మనిషి.

ఫిబ్రవరి 3న ఉత్తరం వచ్చింది. కడప నుంచి జిల్లా మహిళాధికారిణి 27వ తేదీన మా ఊరికి వచ్చి, ఈ పన్నెండు కుటుంబాలనూ స్వయంగా చూస్తారట. ఇరవై నాలుగు రోజుల గడువు. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగాను.

కరణంగారింట్లో వంట జరుగుతోంది. తక్కిన పదకొండింట ఏం జరుగుతోందో ఆ రోజు నా నోటుపుస్తకంలో రాసుకున్నది ఇది: మూడు పొయ్యిల్లో కోళ్ళు పొదుగుతున్నాయి. రెండింటిలో విత్తనాలు దాచిన సొరబుర్రలు. ఒకదాంట్లో పిల్లి ఈనింది. నాలుగు వట్టివి. ఒకదానిమీద పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి, ఎందుకని నేను అడగలేదు. ఎనిమిదింటి గొట్టాలకు మిద్దెపైన బండరాయి పెట్టి చౌడుమన్ను పూసేశారు. పక్కనే మూడు రాళ్ళు, ఆ రాళ్ళమీద సంగటికుండ, ఇంటినిండా పొగ.

పసుపు కుంకుమల పొయ్యి ఓబులమ్మది. ఆమె పద్నాలుగు మంది తినే సేద్యపు ఇంటి పెద్దకోడలు. నలభై ఐదేళ్ళుంటాయి. ఊరి ఆడవాళ్ళలో ఆమె ఊఁ అంటే ఊరంతా ఊఁ అనేది. ఎందుకు చెప్పలేదని ఆమెను నిలదీశాను.

“చెప్తే ఏడుస్తావని చెప్పలే సేవికమ్మా,” అంది. “అయ్యోరింటి పాప, ఇంత మన్ను తొక్కె, చేతులు పుండ్లు జేసుకునె. బాగలేదని ఎట్ల చెప్తాం? అందుకే బొట్టు పెట్టి పెట్టినాం. మర్యాదగా ఉండాది గదా.”

ఏం బాగలేదని అడిగాను. నోటితో చెప్తే నాకు అర్థం కాదనీ, పొద్దున వచ్చి చూడమనీ అంది.

మరునాడు తెల్లవారుజామున ఐదుకు వెళ్ళి వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. జొన్నకోతల కాలం, ఏడుకల్లా అందరూ చేలో ఉండాలి. నేను పుట్టింది ప్రొద్దుటూరులో, పెరిగింది ప్రొద్దుటూరులో. సంగటి తిన్నాను, కెలకడం మాత్రం ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో అన్నం గంజి వార్చడమే పెద్ద శ్రమ.

ఓబులమ్మ కుండలో ఎసరు పెట్టి, నూక ఉడికాక జొన్నపిండి పోసింది. కాసేపటికి కుండ దించి, కుదురుమీద పెట్టి, గోనెపట్ట చుట్టి, రెండు పాదాల మధ్య బిగించింది. రెండు చేతులా కట్టె పట్టుకుని కెలికింది. నడుం దగ్గర్నుంచి కదిలి, నాగలి పట్టినట్టు కెలికింది. మళ్ళీ కుండను నిప్పుమీదికి ఎక్కించింది. మళ్ళీ దించి కెలికింది. గడియారం చూసి లెక్కపెట్టాను. నలభై రెండు నిమిషాల్లో కుండ మూడుసార్లు దిగింది.

నా పొయ్యిలో కుండ మెడదాకా కూరుకుపోతుంది. పట్టుకోవడానికి అంచు తప్ప ఏమీ మిగలదు. పద్నాలుగు మంది సంగటి బరువును మట్టికుండ అంచు ఓర్చుకోదు. సంక్రాంతి ముందు ఒకనాడు ఓబులమ్మ చేతుల్లోకి కుండ మెడ వచ్చేసిందట, కుండ పొయ్యిలోనే ఉండిపోయిందట. ఆ పూట పద్నాలుగు మందీ అటుకులు తిన్నారు. ఆ సంగతి వారం తిరక్కుండా పదకొండు ఇళ్ళకూ తెలిసింది, నాకు తప్ప.

నాలుగు రోజులు నాలుగు ఇళ్ళలో అలాగే కూర్చున్నాను. వాళ్ళు వండేది గొడ్డలి పెట్టి చీల్చిన కట్టెతో కాదు, బారెడు కందికంపతో. దాన్ని కాలేకొద్దీ కాలితో లోపలికి తోస్తారు. ఆరంగుళాల నోట్లో అది దూరదు. గొట్టం సంగతి ఓబులమ్మ అత్త చెప్పింది. మిద్దెకు బొక్క పెట్టినాక జనవరిలో ఒక జల్లు పడితే నీళ్ళు సరిగ్గా ఉప్పుచట్టిలో పడ్డాయట. ఇక మన్ను. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుందని పొలం చూసిన ఎవరికైనా తెలుసు. నేను ఆ మన్నుతోనే పన్నెండు పొయ్యిలు కట్టాను, ఎందుకంటే నక్షాలో ‘స్థానికంగా లభించే మట్టి’ అని ఉంది.

ఈ మధ్య మా చెల్లెలి మనవరాలు తన కంపెనీలో మూడు రోజులు ‘డిజైన్ థింకింగ్’ అని ఒక పాఠం చెప్పారని, రంగురంగుల కాగితాలు గోడకు అతికించిన ఫోటో చూపించింది. వాడేవాళ్ళ దగ్గర కూర్చుని చూడాలట, సమస్య ఏమిటో తిరగరాసుకోవాలట, చవగ్గా ఒక నమూనా చేసి, చెడగొట్టి, మళ్ళీ చేయాలట. భోజనం కూడా పెట్టారట. మాకూ పెట్టారు, జొన్నసంగటి, గోంగూర. ఆ నాలుగో రోజు నా పుస్తకంలో ‘ఊరివాళ్ళకు పొయ్యి వాడటం నేర్పాలి’ అన్న వాక్యం కొట్టేసి, ‘కుండ దిగే పొయ్యి కావాలి’ అని రాసుకున్నాను. అంతకంటే రంగు కాగితాలేమీ మా దగ్గర లేవు.

ఫిబ్రవరి 9న ఓబులమ్మతో, ఈసారి కట్టేది నువ్వు, మన్ను అందించేది నేను అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“మీ సారు ఒప్పుకుంటాడా?”

ఆయనకు చెప్పడం లేదన్నాను.

“అట్లయితే కడదాం పా,” అంది. ఆమెకు ఆ పని నచ్చింది అప్పుడే.

మెత్తి కట్టకుండా, పచ్చి ఇటుకలు ఊరికే పేర్చి చూశాం, నచ్చకపోతే గంటలో విప్పేయొచ్చని. గుంటను చిన్నది చేశాం. కుండ మూడోవంతే దిగుతుంది, మిగతా రెండు వంతులూ పైనే ఉంటాయి, గోనెపట్టతో కడుపు దగ్గర పట్టుకుని ఎత్తొచ్చు. ఎత్తు తొమ్మిదంగుళాలకు తగ్గించాం, ఓబులమ్మ కూర్చున్న చోటనుంచే ఎత్తి దించుకునేలా. నోరు వెడల్పు చేసి, ముందు కంప పరుచుకోవడానికి దోనెలాగా తీశాం. మిద్దెకు కొత్త బొక్క అక్కర్లేకుండా, వెలుతురు కోసం ఎప్పటినుంచో ఉన్న గవాక్షి కిందికే పొగను తీసుకుపోవాలనుకున్నాం. అడుగు రాలగొట్టిన పాతకుండలు ఒకదానిమీద ఒకటి పేర్చితే అదే గొట్టం. పాతకుండలు ప్రతి ఇంటి వెనకా ఉంటాయి, ఊరికే వస్తాయి.

మొదటిసారి పొగంతా తిరిగి మా మొహాలమీదికే వచ్చింది. గొట్టానికి ఇంకో రెండు కుండలు ఎక్కించాం. రెండోసారి పొగ బాగా పోయింది, దానితోపాటు మంటా పోయింది. గొట్టం ఎర్రగా కాలింది, ఎసరు మాత్రం గోరువెచ్చగా ఉంది. ఓబులమ్మ అత్త చేయి పెట్టి చూసి, బిడ్డకు నీళ్ళు పోయడానికి పనికొస్తాదిలే అంది. మంట పోయే దారిని మూడు వేళ్ళ సందుకు తగ్గించాం. మూడోసారి అన్నీ కుదిరాయి గానీ కుండ ఒరిగింది. గుంట అంచును లోపలికి వాలుగా చెక్కాం. నాలుగోసారి, ఫిబ్రవరి 13 ఉదయం, కుండ మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగింది. పత్తి తూచే కాటాతో కంపను ముందే తూచి పెట్టాను. మూడు రాళ్ళమీద నాలుగు వీశెలు కాలేది, దీనిమీద రెండున్నర కాలింది. పొగకు కళ్ళు తుడుచుకునే పని లేకుండా ఓబులమ్మ సంగటి ముద్దలు చేసింది. అది నేను పుస్తకంలో రాయలేదు, గుర్తుంది.

మన్నుకు ఓబులమ్మే దారి చెప్పింది. ఆమె పుట్టిల్లు పులివెందుల పక్క, అక్కడంతా ఎర్రనేల. ఆమె తమ్ముడు రెండు బండ్ల ఎర్రమన్ను తోలించాడు. అందులో జొన్నపొట్టూ గాడిదలద్దీ కలిపితే నెర్రె రాదని కుమ్మరివాళ్ళు చెప్పారు. గాడిదలద్ది గంపకు ఎత్తుతుండగా బి.డి.ఓ. గారి జీపు నా పక్కనుంచే పోయింది. ఆయన చూశారు, నేను నమస్కారం పెట్టాను. ఎరువుల పథకం అనుకున్నారని తర్వాత తెలిసింది.

14 నుంచి 24 దాకా పదకొండు రోజుల్లో పదకొండు పొయ్యిలు లేచాయి. కోళ్ళను గంపల్లోకి మార్చాం. పాతవాటిలో పది పగలగొట్టాం. పదకొండోది ఓబులమ్మ పగలగొట్టనివ్వలేదు. పక్కనే కొత్తది కట్టించుకుని, పాతది ఉండనీ అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

26 మధ్యాహ్నం బి.డి.ఓ. గారు ముందస్తు తనిఖీకి వచ్చారు. మడత స్కేలు తెచ్చారు. మొదటి ఇంట్లోనే కూర్చుని కొలిచారు.

“ఇదేంటమ్మా? నక్షాలో పధ్నాలుగు ఉంటే ఇది తొమ్మిదే ఉందేంటి? రెండో గుంట ఏది? ఈ పగిలిన కుండలేంటి?”

ఇది పనిచేస్తోందని చెప్పాను. పనిచేయడం వేరు, ఆమోదం పొందడం వేరు అన్నారు. ఆమోదం పొందని పొయ్యి లెక్కలోకి రాదు కాబట్టి, ఆయన లెక్కలో ఊళ్ళో ఉన్నది కరణంగారి పొయ్యి ఒకటే. నా ప్రొబేషన్ నివేదిక ఎలా ఉంటుందో ఊహించుకోమన్నారు. జమ్మలమడుగు ఆయన నలుగురు పిల్లలూ వరసగా నా కళ్ళముందు నిలబడ్డారు.

ఓబులమ్మ గడపలోంచి అంది: “సారూ, నక్షా తినదు గదా. తినేది మేము.”

ఆయన నక్షా ప్రకారం ఉన్నది ఇంకొక్కటైనా మిగిలిందా అని నన్ను అడిగారు. నాకంటే ముందు ఆమే అందుకుంది. “మా ఇంట్లో ఉండాది సామీ. మీ పొయ్యిని మేం పడగొడతామా? రేపు అమ్మగారికి దానిమీదనే వండి చూపిస్తాం.” ఆయన సంతోషించారు.

27 ఉదయం తొమ్మిదిన్నరకు జిల్లా అధికారిణి వచ్చారు. యాభై దాటినావిడ, తక్కువ మాట. కరణంగారిల్లు చూసి ఓబులమ్మ ఇంటికి వచ్చారు. పాత పొయ్యిమీద సంగటికుండ, పక్కన కొత్త పొయ్యిమీద ఇంకో సంగటికుండ. రెండూ దించే సమయానికి వచ్చాయి. బి.డి.ఓ. గారు పాతదాని పక్కన నిలబడి నక్షా విప్పి, ఇంధనం ఎంత పొదుపో, వాడకం ఎంత సులువో వివరించారు. చిన్నపిల్లలు కూడా వాడగలరన్నారు.

“సారూ,” అంది ఓబులమ్మ, కుడిచేయి ఎడమచేత్తో పట్టుకుని. “రాత్రి నుంచి చెయ్యి గుంజుతాంది. ఆ కుండ రవ్వంత దించి పెడతావా? పెద్ద పనేం గాదు, నువ్వే చెప్తాండావు గదా.”

ఆ ఇంటి చిన్నకోడళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు. ఒకామె చీర కొంగు నోట్లో కుక్కుకుంది, రెండో ఆమె గోడవైపు తిరిగింది. అధికారిణి బి.డి.ఓ. గారి వైపు చూశారు. ఆయన చొక్కా చేతులు మడిచి, రెండు గుడ్డలు తీసుకుని, వంగి, కుండ అంచు పట్టుకుని ఎత్తారు. అంచు వచ్చింది. మెడ కూడా వచ్చింది. కుండ రాలేదు. ఆయన ఆ మెడను చేతుల్లో వలయంలా పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడ్డారు. సంగటి పొయ్యిలో మాడుతున్న వాసన వచ్చింది.

ఓబులమ్మ కొత్త పొయ్యి దగ్గరికి వెళ్ళి, గోనెపట్టతో కుండను కడుపు దగ్గర పట్టి, ఎత్తి, కుదురుమీద పెట్టి, కూర్చుని కెలకడం మొదలుపెట్టింది. గుంజిన చెయ్యి బాగానే ఆడింది.

అధికారిణి అప్పుడు నన్ను అడిగారు. నివేదికలో పన్నెండు కుటుంబాలని ఉంది, నిజం ఏమిటి? నా నివేదిక రాసే మనిషి రెండడుగుల దూరంలో ఉన్నారు. ఆయన చెప్పింది అబద్ధమంటే ఉద్యోగం ఉండదు. నిజమంటే ఇరవై నాలుగు రోజులు నేను చేసింది ఏమిటో నాకే తెలియదు. అంకెలు మాత్రం నాకు తెలుసు, అవే చెప్పాను.

“కట్టినవి పన్నెండమ్మా. జనవరిలో వండినది ఒక్కటి. ఇవాళ వండుతున్నవి పన్నెండు.”

ఆవిడ నివేదిక తీసి తేదీ చూసుకున్నారు. “అయితే మీ నివేదిక తప్పు కాదు,” అన్నారు బి.డి.ఓ. గారితో. “నెలన్నర ముందు వచ్చింది, అంతే.” తర్వాత ఆవిడ ఆయన దగ్గర స్కేలు అడిగి తీసుకుని, కిందికి వంగి కొత్త పొయ్యిని తనే కొలిచి రాసుకున్నారు. ఒక ముద్ద తిని, గోంగూర ఇంకొంచెం వేయించుకున్నారు.

ఆ కుండ మెడకు ముందే నెర్రె ఉందా అని సాయంత్రం ఓబులమ్మను అడిగాను. “కుండలకు నెర్రెలు యాడ ఉంటాయో నాకేం తెలుసమ్మా, నేనేమన్నా కుమ్మరిదాన్నా,” అంది.

జూన్ 16తో నా ప్రొబేషన్ ముగిసింది. బి.డి.ఓ. గారి నివేదికలో రెండే వాక్యాలున్నాయి: ‘సమర్థురాలు. నక్షాలను పాటించదు.’ జిల్లా అధికారిణి మొదటి వాక్యం కింద గీత గీసి, రెండో వాక్యం పక్కన ‘చూశాను’ అని రాసి సంతకం చేశారు. ఉద్యోగం నిలిచింది. ఆ సంబంధం తప్పిపోయిందని మా నాన్నగారు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆగస్టులో నన్ను పులివెందుల వైపు బదిలీ చేశారు. నేను చేరిన మూడో వారం పైనుంచి కొత్త నక్షా వచ్చింది. ఎత్తు తొమ్మిదంగుళాలు, ఒకే గుంట, మూడు వేళ్ళ సందు ఒకటిన్నర అంగుళంగా అచ్చయి ఉంది. కింద ‘తు.చ. తప్పకుండా పాటించవలెను’ అని ఉంది. దాన్ని పట్టుకుని మొదటి ఇంటికి వెళితే ఆ ఇల్లాలు కాగితం చూసి, ఈడ మేము నిలబడి వండుతామమ్మా, వంగితే నాకు నడుం పట్టుకుంటాది అంది. నక్షా మడిచి సంచిలో పెట్టి, పొద్దున ఎన్నింటికి వంట మొదలుపెడతావని అడిగాను.

తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. ఒక పరికరం ఎవరైనా వాడకుండా మూలన పెట్టారంటే వాళ్ళకు తెలియక కాదని, ఆ పరికరం చేసినవాళ్ళకు తెలియక అని మొదట అనుకుని పని మొదలుపెట్టడం నాకు అలవాటైంది. పదింట తొమ్మిదిసార్లు అదే నిజమైంది. పదోసారి అది నిజం కాదని కూడా వెళ్ళి కూర్చుని చూశాకే తెలిసింది.